మిల్లులో పాత విండోస్ కంప్యూటర్లు: బాగానే నడుస్తున్నప్పుడు ఎందుకు మార్చాలి?

మిల్లు పద్దులు, మండపేట

అందరికీ నమస్కారం. మండపేట దగ్గర ఒక బియ్యం మిల్లులో లెక్కలు చూస్తాను. మా దగ్గర మూడు కంప్యూటర్లు ఉన్నాయి. గేటు పక్కన లారీ కాటా గదిలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. కాటా మీద తూకం నేరుగా అందులోకి వచ్చి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద చీటీ పడుతుంది. ఆఫీసులో రెండూ విండోస్ 7. ఒకదానిలో పద్దుల ప్రోగ్రాము టాలీ, రెండో దానిలో ఈ-వే బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు చెల్లింపులు. మూడింటినీ వైర్లతో కలిపి, టాలీ ఫోల్డరును మిగతా రెండింటికీ తెరిచి ఉంచారు. కాటా గుమాస్తా రోజువారీ తూకాలను సాయంత్రం అందులో వేస్తాడు.

కొంతకాలంగా బ్రౌజరు పైన ఒక పట్టీ వస్తోంది, ఈ కంప్యూటరుకు ఇక అప్‌డేట్లు అందవని. కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి. మార్చుకుందామని మా యజమాని గారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు, కానీ ఒక మాట అడిగారు. "రబ్బరు రోలరు అరిగితే మారుస్తున్నాం, ఎలివేటరు బెల్టు తెగితే మారుస్తున్నాం. ఈ కంప్యూటర్లో ఏం అరిగింది? పొద్దున నొక్కితే వెలుగుతోంది కదా." నా దగ్గర జవాబు లేదు. యాంటీవైరస్ కొంటే సరిపోతుందని కూడా అంటున్నారు.

నిజంగా మార్చాల్సిన అవసరం ఉందా? ఉంటే కాటా సంగతి ఏమిటి? కాటా ఒక్కరోజు ఆగినా లారీలు రోడ్డు మీద వరస కడతాయి. తెలిసినవారు చెప్పగలరు.

కంప్యూటర్ సర్వీసు, తణుకు

మీ యజమాని గారి ప్రశ్న చాలా మంచిది. దానికే ముందు జవాబు చెప్తాను. నా దుకాణానికి వచ్చే మిల్లులవారూ, మేత డీలర్లూ అందరూ అడిగేది అదే.

రోలరు అరిగితే నూక పెరుగుతుంది, మీకు ఆ పూటే తెలుస్తుంది. 2009 అక్టోబరులో విడుదలైన విండోస్ 7 మాత్రం, చివరి అప్‌డేటు వేసిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. దాని లోపల అరిగేది ఏదీ లేదు. పెరుగుతూ పోతున్నది దాని లోపాల గురించి దొంగలకు ఉన్న జ్ఞానం. ఇది ఎలా పెరుగుతుందో యజమాని గారికి విడమరచి చెప్పండి. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ తన కొత్త విండోస్‌లకు మరమ్మతులు, అంటే ఆ అప్‌డేట్లు, విడుదల చేస్తుంది. మరమ్మతుకు ముందున్న ఫైలును, తర్వాతి ఫైలును పక్కపక్కన పెట్టి పోల్చితే, లోపం ఎక్కడ ఉండేదో ఆ పని తెలిసినవాడు పట్టుకోగలడు. కొత్త విండోస్‌లో చాలా భాగాలు పాతదాని నుంచి వచ్చినవే. అంటే అదే లోపం మీ 7లోనూ, కొన్నిసార్లు ఎక్స్‌పీలోనూ ఉండవచ్చు. కొత్తవారికి మందు అందుతుంది. మీకు అందదు. పైగా రోగం ఏమిటో అందరికీ తెలిసిపోతుంది. ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విడిగా డబ్బు కట్టిన సంస్థలకు 7 మీద 2023 జనవరి వరకు ఇచ్చారు, అంతే. అప్పటి నుంచి గడిచిన ప్రతి నెలా మీ కంప్యూటర్లో ఏమీ మారకుండానే ప్రమాదం పెరుగుతూ వచ్చింది.

యాంటీవైరస్ ఆ విండోస్ మీదే నిలబడి పనిచేసే ప్రోగ్రాము. కింద ఉన్న విండోస్‌లోకే ఎవడో దూరితే, ముందుగా వాడు చేసే పని యాంటీవైరస్‌ను ఆపేయడం.

"మేము అనుమానం ఉన్న మెయిళ్లు తెరవము" అని కూడా అంటారు. 2017 మే 12న మొదలైన వాన్నక్రై అనే వైరస్ దాడిలో, ఒక ఆఫీసులోకి అది చేరాక ఎవరూ ఏదీ నొక్కనవసరం లేకపోయింది. ఫోల్డర్లు పంచుకోవడానికి విండోస్ వాడే పాత పద్ధతి, ఎస్ఎంబీ మొదటి వెర్షన్, అందులోని లోపాన్ని పట్టుకుని ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకింది. ఫైళ్లన్నింటికీ తాళం వేసి, ఒక్కో కంప్యూటరుకు 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో అడిగింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటికీ సోకింది. ఆ లోపానికి మరమ్మతు మార్చి 14నే, అంటే దాడికి రెండు నెలల ముందే వచ్చి ఉంది! బాధితుల్లో ఎక్కువ భాగం విండోస్ 7 వాడేవారు. అప్పటికి దానికి అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, వేసుకోలేదు. అందుకే కొత్త విండోస్ కొని అప్‌డేట్లు ఆపేయించుకునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. నెట్ నెమ్మదిస్తోందని ఆపించేస్తారు. లైసెన్సు లేని కాపీలు వేయించుకునేవారి సంగతి ఇంకా ఘోరం. ఆ కాపీని తెరిపించే చిన్న ప్రోగ్రాములోనే వైరస్ ఉన్నవి నా బల్ల మీదకు చాలా వచ్చాయి.

మీరు రాసినదానిలో నన్ను భయపెట్టింది ఎక్స్‌పీ ఉండటం కంటే, మూడింటినీ కలిపి టాలీ ఫోల్డరు తెరిచి ఉంచడం. వాన్నక్రై పాకింది సరిగ్గా ఆ దారినే.

భీమవరం వైపు ఒక మేత డీలరు దగ్గర ఇటువంటిదే జరిగింది. రొయ్యల రైతులకు మేత అప్పు మీద ఇస్తారు, చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక డబ్బు వస్తుంది. అంటే ఆయన ఆస్తి అంతా ఆ పద్దుల్లోనే ఉంది. ఒక ఉదయం పద్దులన్నింటికీ తాళం పడింది. బ్యాకప్ పెన్‌డ్రైవ్ అదే కంప్యూటరుకు గుచ్చి ఉండటంతో అదీ పోయింది. ఆయన రైతుల దగ్గరకు ఒక్కొక్కరి ఇంటికీ తిరిగి, వారి దగ్గరున్న చీటీలు చూసి పద్దు మళ్లీ రాసుకున్నారు. చీటీలు దాచుకున్న రైతులు నిజాయితీగా చూపించారు. దాచుకోనివారితో లెక్క తేలలేదు, ఏళ్ల స్నేహాలు చెడ్డాయి. మీ మిల్లులో ఏ రైతుకు ఎన్ని బస్తాల డబ్బు బాకీ ఉందో ఒక్క టాలీలోనే ఉందా, ఇంకెక్కడైనా ఉందా? ఇది యజమాని గారిని అడగండి.

ఇక ఏం చేయాలి. మీ బ్యాంకు కంప్యూటరును ముందు మార్చండి, అది అన్నిటికన్నా తొందర. చవకగా దొరుకుతుందని విండోస్ 10 వేయించుకోవద్దు, దాని మామూలు గడువు కూడా 2025 అక్టోబరు 14తో అయిపోయింది. సంస్థలు డబ్బు కట్టి పొడిగించుకోవచ్చు. మొదటి ఏడాది ఒక్కో కంప్యూటరుకు 61 డాలర్లు, ఆ తర్వాత ఏటేటా రెట్టింపు, అదీ మూడేళ్లే. విండోస్ 7 కాలం నాటి మీ కంప్యూటర్ల మీద విండోస్ 11 సరిగా ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసరు కావాలి. కాబట్టి కంప్యూటరే కొత్తది కొనాలి. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల ఉంది, మీ ఆడిటరు గారిని అడిగితే చెప్తారు.

కొబ్బరి వ్యాపారం, అంబాజీపేట

తణుకు వారు చెప్పింది కాదనను గానీ, అందరికీ ఒకే మందు వద్దు. నా కొట్లో ఎక్స్‌పీ ఉంది. దానికి నెట్ లేదు, ఇంకో కంప్యూటరుతో సంబంధం లేదు. కాయల లెక్క, కూలీల లెక్క వేసి చీటీ తీస్తుంది. ఫోనులోనే బ్యాంకు పని చేసుకుంటాను. నేను కొత్త కంప్యూటరు ఎందుకు కొనాలి? పనికొచ్చే యంత్రాలను గడువు పేరుతో పారేయించడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది. చిన్న వ్యాపారికి ఆ ముప్పై నలభై వేలు చిన్న మొత్తం కాదు. ఉన్న కంప్యూటరు మీదే డబ్బు ఖర్చు లేకుండా, విండోస్ బదులు లినక్స్ వేసుకోవచ్చని మా మేనల్లుడు అంటున్నాడు. అది కూడా చెప్పండి.

రొయ్యల ప్లాంటు ఆఫీసు, భీమవరం

మా ప్లాంటులో ఈ మార్పు చేసేటప్పుడు ఆఫీసు వైపు పని నేనే చూశాను. భయం కంటే చిన్న చిన్న చికాకులే ఎక్కువ, అవి ముందే తెలిస్తే మేలు.

మమ్మల్ని కదిలించింది బ్రౌజరు. విండోస్ 7కు క్రోమ్ 109తో ఆగిపోయింది, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 గానీ 11 గానీ ఉండాలి. బ్యాంకు సైటూ, ప్రభుత్వ పోర్టళ్లూ రోజురోజుకీ ముందుకు వెళ్తుంటే మా బ్రౌజరు అక్కడే ఉండిపోయింది. ఎగుమతి సరుకు కంటెయినరు ఎక్కించాక కాగితాలు ఒక్క పూట ఆలస్యమైనా ఖర్చు మీద పడుతుంది. దానితో పెద్దలు ఒప్పుకున్నారు.

చికాకులు చెప్తాను. డిజిటల్ సంతకం కోసం కంప్యూటరుకు గుచ్చే టోకెన్‌కు, దాన్ని నడిపించే పాత సీడీలోని డ్రైవరు ప్రోగ్రాము పనిచేయలేదు, ఇచ్చిన సంస్థ సైటు నుంచి కొత్తది దించుకోవాల్సి వచ్చింది. పాత ప్రింటరుకు వెనక పెద్ద సాకెట్ ఉంది, కొత్త కంప్యూటరుకు అది లేదు, మధ్యలో వైరు కొన్నాం. కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతలు రాసుకునే ప్రోగ్రాము మాత్రం ఎంత ప్రయత్నించినా కొత్త విండోస్ మీద నడవలేదు. దాన్ని పాత కంప్యూటరులోనే ఉంచి, నెట్‌వర్కు వైరు పీకేశాం. రోజూ ఉష్ణోగ్రతల పట్టిక అచ్చు తీసి ఫైలులో పెడుతున్నాం. విదేశీ కొనుగోలుదారు తరఫున తనిఖీకి వచ్చినవారు అడిగినప్పుడు ఇదే చూపించాం, ఒప్పుకున్నారు.

అంబాజీపేట వారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఒక మాట. మా దగ్గర నెట్ లేని కంప్యూటరులోకి కూడా వైరస్ వచ్చింది, లారీ డ్రైవరు తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో.

కంప్యూటర్ సర్వీసు, తణుకు

అంబాజీపేట వారూ, మీరు చెప్పినట్టు నెట్ లేకుండా, ఒంటరిగా, ఒకే పనికి వాడే ఎక్స్‌పీని నేనూ మార్పించను. పెన్‌డ్రైవ్ గుచ్చినప్పుడు దానంతట అది తెరుచుకునే ఏర్పాటు మాత్రం ఆపించుకోండి. 2008లో మొదలైన కాన్‌ఫికర్ అనే వైరస్ ఎక్స్‌పీలలోకి పాకిన దారుల్లో అదొకటి. ఆ లెక్కలను నెలకోసారి కాగితం మీద అచ్చు తీసి ఉంచండి. మీ మేనల్లుడు చెప్పింది కూడా నిజమే. బ్రౌజరు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు చాలు అనుకునేవారికి లినక్స్ చక్కగా సరిపోతుంది. టాలీ, డిజిటల్ సంతకం, కాటా ప్రోగ్రాము ఉన్న మిల్లుకు మాత్రం దాన్ని సలహా ఇవ్వను, టాలీ లినక్స్ కోసం తయారైంది కాదు.

మిల్లు పద్దులు, మండపేట

ఇక్కడ రాసినవన్నీ యజమాని గారికి చదివి వినిపించాను. మేత డీలరు సంగతి దగ్గర ఆగి, మళ్లీ చదవమన్నారు. రైతుల బాకీలు టాలీలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆఫీసు కంప్యూటర్లు రెండూ మార్చడానికి ఒప్పుకున్నారు. కాటాది మాత్రం ముట్టుకోవద్దంటున్నారు. తూనికలు కొలతల శాఖ సీలు పోతుందని ఆయన భయం. ఇంకొకటి, ఎప్పుడు చేయాలి? సార్వా (ఖరీఫ్) ధాన్యం పని ఇంకా తెమలలేదు.

కంప్యూటర్ సర్వీసు, తణుకు

చాలా సంతోషం. సీలు ఉండేది కాటాకు, తూకం చూపించే ఇండికేటరుకు. కంప్యూటరు ఆ అంకెను వైరు ద్వారా చదువుకుని చీటీ వేస్తుంది, అంతే. అయినా కాటా కంపెనీ మనిషిని పిలిపించి అతని చేతే చేయించండి. ఇండికేటరు మూత మీరు గానీ నేను గానీ తెరవకూడదు.

ఆయన వద్దంటే ఎక్స్‌పీని అక్కడే ఉండనివ్వండి, కానీ ఆఫీసు నుంచి వచ్చే వైరు పీకేయండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. కొత్త విండోస్ 11లో ఆ పాత ఎస్ఎంబీ పద్ధతి మామూలుగా ఉండదు. అందువల్ల ఎక్స్‌పీ నుంచి టాలీ ఫోల్డరు తెరుచుకోదు. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి "ఒక్క టిక్కు పెడితే పనిచేస్తుంది" అని దాన్ని తిరిగి తెరిపిస్తారు. ఒప్పుకోవద్దు. కొత్త కంప్యూటర్ల కోసం పెట్టిన డబ్బంతా ఆ ఒక్క టిక్కుతో వృథా అవుతుంది. కాటా గుమాస్తా సాయంత్రం తూకాల చీటీలు తెచ్చి ఆఫీసులోనే కొట్టాలి. కొంచెం శ్రమే, కానీ అదే సరైన పద్ధతి.

సమయం సంగతి. సార్వా కొనుగోళ్లు తగ్గాక, దాళ్వా (రబీ) ధాన్యం రాకముందు, ఫిబ్రవరిలో పెట్టుకోండి. మార్చి చివర ఆర్థిక సంవత్సరం ముగింపులో ఎవరికీ ఊపిరి ఆడదు. ఏప్రిల్ పద్దులు కొత్తదానిలో మొదలవుతాయి. టాలీ లైసెన్సును పాత కంప్యూటరులో సరెండర్ చేసి, అంటే వదిలేసి, తర్వాత కొత్తదానిలో తెరవాలి. డేటా ఫోల్డరు నకలు తీసుకుని, నిల్వలు, రైతుల బాకీలు రెండింటిలోనూ అచ్చు తీసి వరస వరస పోల్చి చూశాకే పాతది పక్కన పెట్టండి. బ్యాకప్‌కు రెండు హార్డ్ డిస్కులు కొనండి. ఒకటి పని అయ్యాక తీసి బీరువాలో పెట్టాలి, రెండోది యజమాని గారి ఇంట్లో ఉండాలి. పాత కంప్యూటర్లను తుక్కు వారికి ఇచ్చేటప్పుడు లోపలి డిస్కు తీసేసుకోండి, అందులో రైతుల బ్యాంకు ఖాతాలన్నీ ఉంటాయి. ఎప్పుడైనా ఖాతాలోంచి డబ్బు పోయిందని అనుమానం వస్తే నన్ను పిలవకముందే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిస్తే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

కాటా ఇండికేటరు వెనక సాకెట్ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. తొమ్మిది పిన్నులదా, ఇరవై అయిదు పిన్నులదా తెలిస్తే, రేపెప్పుడైనా మార్చాలనుకున్నప్పుడు ఏ వైరు, ఏ కార్డు కావాలో ఇప్పుడే రాసి ఇస్తాను.