లెపర్డ్ గెకోలను ఈ సీజన్‌లో కలపాలా, ఆగాలా? ఆడదాని బరువు 43 గ్రాములు

రాతిగూడు:
అందరికీ నమస్కారం. నా దగ్గర రెండు లెపర్డ్ గెకోలు (మచ్చల పెంపుడు బల్లులు) ఉన్నాయి. మగదానికి రెండేళ్ళు, ఆడదానికి 14 నెలలు, బరువు 43 గ్రాములు. మొదటి నుంచీ వేర్వేరు ట్యాంకుల్లోనే పెంచుతున్నాను. డిసెంబరు చివరి నుంచి మగది రాత్రంతా అద్దం పక్కనే తచ్చాడుతోంది, తిండి సగానికి తగ్గించింది, ఆడదాన్ని పట్టుకున్న చేతిని దాని దగ్గర పెడితే చాలు, తోక చివర టపటపా కొట్టుకుంటోంది. జనవరిలోనే కలపమని కొందరు, ముందు రెండు నెలలు ట్యాంకు వేడి తగ్గించి చల్లబరచకపోతే గుడ్లు రావని ఇంకొందరు చెబుతున్నారు. నాకు ఆడదాని గురించే టెన్షన్‌గా ఉంది. చల్లబరచడం తప్పనిసరా? కలిపితే ఎన్ని రోజులు కలిపి ఉంచాలి?

సాయంకాలం_బల్లి:
ముందు మగదాన్ని పక్కన పెట్టండి. సీజన్ వచ్చిందంటే అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, చూడాల్సింది ఆడదాన్ని. ఉత్తరార్ధగోళంలో పెంచేవాళ్ళకు ఈ సీజన్ ఇంచుమించు జనవరి నుంచి సెప్టెంబరు దాకా నడుస్తుంది కాబట్టి జనవరి దాటిపోతే ఏదో చేజారిపోయినట్టు కాదు. 43 గ్రాములకు నేనైతే కలపను. 50 దాటాలి, తోక కనీసం మెడంత లావు ఉండాలి. అలాగని వ్యాక్స్‌వార్మ్ పురుగులు మేపి నెలలో 50కి లాగొద్దు, అది కొవ్వే తప్ప బలం కాదు. డూబియా బొద్దింకలు, మీల్‌వార్మ్‌లు కాల్షియం పొడి అద్ది పెడుతూ నెమ్మదిగా రానివ్వండి. ఈలోగా రెండింటి పెంటా ఒకసారి పరీక్ష చేయించండి. క్రిప్టో (పేగుల్లో చేరే ఒక పరాన్నజీవి) లాంటి జబ్బు ఉంటే ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది.

చల్లబరచడం లెపర్డ్ గెకోకు తప్పనిసరి కాదు. లైటు 14 గంటల నుంచి మెల్లగా 10 గంటలకు తగ్గించి, రాత్రి వేడి కాస్త దించి, ఆరేడు వారాల తర్వాత మళ్ళీ పెంచితే చాలామందికి సరిపోతుంది. ఇంకా చల్లగా ఉంచాలనుకునేవాళ్ళు ముందు పది, పదిహేను రోజులు తిండి ఆపి, వేడి మాత్రం అలాగే ఉంచి పొట్ట ఖాళీ అవనివ్వాలి. అరగని తిండితో చలిలో పెడితే లోపలే కుళ్ళుతుంది. మీ ఆడది ఇంకా బరువు పెరగాల్సిన దశలో ఉంది కాబట్టి ఈ ఏడాది దాన్ని అసలు చల్లబరచొద్దు.

బరువు వచ్చాక దాన్ని అడుగు కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కింద నుంచి టార్చి వేసి చూడండి. పొట్ట చర్మం పల్చన కదా, అండాలు తయారవుతుంటే రెండు పక్కలా లేత గులాబీ రంగు గుండ్రాలు నీడలా కనిపిస్తాయి. అప్పుడు మగదాని ట్యాంకులోకి వదిలి పక్కనే కూర్చోండి. మెడ మీద చర్మం పట్టుకుంటుంది, చూడ్డానికి గొడవలాగే ఉంటుంది కానీ ఆడది తోక పక్కకు ఎత్తితే ఒప్పుకున్నట్టే. అది పారిపోతున్నా, తిరగబడి కరుస్తున్నా వెంటనే తీసేయండి. అంతా కొన్ని నిమిషాల పని. అయ్యాక మగదాని అవయవం లోపలికి వెళ్ళిందో లేదో చూడండి, బయటే ఉండిపోతే తడి ఆరనివ్వకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

తోకపటం:
"ఎన్ని రోజులు కలిపి ఉంచాలి" అన్నారు కదా, ఒక్క రోజు కూడా వద్దండీ. మొదటి ఏడాది నేను రెండింటినీ ఫిబ్రవరి నుంచి ఒకే ట్యాంకులో వదిలేశాను. మూడు నాలుగు వారాలకోసారి రెండేసి గుడ్లు, నేనేమో సంబరపడుతూ కూర్చున్నాను. ఆరో విడత అయ్యేసరికి తోక వడిలిన చిక్కుడుకాయలా అయింది, ఒక రోజు పొద్దున పురుగును పట్టుకోబోతే ముందు కాలి వేళ్ళు సన్నగా వణకడం చూశాను. దాని ఒంట్లో కాల్షియం అయిపోయింది. డాక్టరు, మందులు, కోలుకోవడానికి నాలుగు నెలలు. ఆ వణుకు నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది.

ఆడది మగదాని వీర్యాన్ని దాచుకుంటుంది. ఒకటి రెండుసార్లు కలిస్తే చాలు, తర్వాతి విడతలకూ పనికొస్తుంది. అంటే మగదాన్ని విడదీసినంత మాత్రాన గుడ్లు ఆగవు. మొదటి గుడ్డు పెట్టిన రోజు నుంచే ఆపడం గురించి ఆలోచించుకోవాలి. నేనిప్పుడు ప్రతి ఆదివారం వంటింటి కాటా మీద తూచి రాసుకుంటాను. గుడ్లు పెట్టిన తర్వాత రెండు వారాల్లో పోయిన బరువు తిరిగి రాకపోతే లైటు గంటలు, వేడి కొద్దికొద్దిగా తగ్గించి సీజన్ ముగించేస్తాను. సీసా మూతలో కాల్షియం ఎప్పుడూ ట్యాంకులో ఉండాలి. ఇంకోటి, రెండు మూడు రోజులుగా తవ్వుతూ, ముక్కుతూ గుడ్డు రాకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ రోజే సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రాతిగూడు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. అయితే ఇప్పుడు కలపను. ఒకవేళ వేసవికి 50 దాటి గుడ్లు పెడితే, పొదిగించడానికి ఎంత వేడి పెట్టాలి?

గుడ్డుపెట్టె:
ఆడపిల్లలా, మగపిల్లలా అన్నది ఆ వేడే నిర్ణయిస్తుంది. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే, 32.5 దగ్గర ఎక్కువ మగవి, 34 దాటితే మళ్ళీ ఆడవే కానీ అంత వేడి జోలికి పోవద్దు. 26లో రెండు నెలలు పైనే పడుతుంది, 32లో నెలన్నర లోపే. గుడ్లు రాకముందే ఇంక్యుబేటర్‌ను ఖాళీగా వారం నడిపి వేడి నిలకడగా ఉందో లేదో చూసుకోండి. గుడ్లు పెట్టడానికి తడి నాచు నింపిన మూత డబ్బా ఒకటి, పొదగడానికి తడి వర్మిక్యులైట్ (తడి పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు గుళికలు). పిడికిట్లో పిండితే నీరు కారకూడదు, ముద్ద మాత్రం కావాలి. గుడ్డు ఎలా పడి ఉందో అలాగే తీసి, పైభాగాన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టండి. తిరగబడితే లోపలి పిండం చచ్చిపోవచ్చు. వారం తర్వాత చీకట్లో టార్చి ఆనిస్తే ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి. పచ్చగా వెలిగి ఏమీ లేకపోతే అది పొల్లు గుడ్డు.

మీవి ఏ మార్ఫో (అంటే రంగు, మచ్చల రకం) చెప్పలేదు. వంశంలో ఎనిగ్మా గానీ లెమన్ ఫ్రాస్ట్ గానీ అనే మార్ఫ్‌లు ఉంటే దయచేసి కలపొద్దు. మొదటిదానిలో పిల్లలు తల వంకరపోయి గిరగిరా తిరుగుతాయి, రెండోదానిలో కణుతులు వస్తాయి. అలాగే ఒక్క సీజన్‌కే పదీ పన్నెండు పిల్లలు రావచ్చు, ఒక్కోదానికి ఒక్కో డబ్బా కావాలి. ఎవరికి ఇస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి.

రాతిగూడు:
రెండూ నార్మల్ రంగువే, తల్లిదండ్రుల ఫోటోలు కూడా ఉన్నాయి. ఇవాళే నోట్‌బుక్‌లో మొదటి లైను రాశాను, 43. మగది తినకపోవడం గురించి మాత్రం ఇంకా కొంచెం భయంగానే ఉంది.

సాయంకాలం_బల్లి:
ఈ సీజన్‌లో మగవి వారాల తరబడి సరిగ్గా తినవు. దాన్నీ తూచండి, తోక లావుగానే ఉంటే భయం లేదు. రెండు ట్యాంకుల మధ్య ఒక అట్ట అడ్డం పెట్టండి, ఆడది కనిపించకపోతే చాలావరకు కుదుటపడుతుంది.