నాన్న మంచాన ఉంటే మూడేళ్ళు జర్మనీ వెళ్ళడం తప్పా?

గోదారిగట్టు:
తణుకులో ఉండే మా నాన్నగారికి (74) కిందటేడు పక్షవాతం వచ్చింది. రాత్రి నిద్రలో వచ్చిందట, అమ్మ తెల్లారాక చూసుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైము దాటిపోయిందన్నారు, అది నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది, అన్నీ మంచం మీదే. పధ్నాలుగు నెలలైంది. మొదటి ఆర్నెల్లు ఫిజియోతో కొంచెం మార్పు కనిపించింది, ఇప్పుడు అదీ లేదు. అమ్మకి 68, మోకాళ్ళు అరిగిపోయాయి.

నేను హైదరాబాదులో ఉంటాను. శుక్రవారం రాత్రి రైలెక్కి వెళ్ళి ఆదివారం రాత్రి తిరిగొస్తున్నా. ఇప్పుడు మ్యూనిక్‌లో మూడేళ్ళ ప్రాజెక్టుకి నన్ను తీసుకున్నారు. పదిహేడేళ్ళ సర్వీసులో నా కోసం నేను కోరుకున్నది ఇదొక్కటే. చదువూ, చెల్లెలి పెళ్ళీ, ఇల్లూ, పిల్లాడి ఫీజులూ అన్నీ అయ్యాక మిగిలింది. ఇంటి దగ్గర అన్ని ఏర్పాట్లూ చేసే వెళ్తాను, డబ్బుకి లోటు రానివ్వను. అయినా మా బాబాయి "ఇందుకేనా మీ నాన్న నిన్ను చదివించింది" అన్నారు. ఆ మాట అన్నప్పటి నుంచి నిద్ర లేదు. నిజంగా తప్పు చేస్తున్నానా?

పాతబడి_మాస్టారు:
తప్పే నాయనా. నిన్ను బాధపెట్టాలని కాదు, అడిగావు కాబట్టి చెబుతున్నా. మా అమ్మ నాలుగేళ్ళు మంచాన ఉంది. ఆ సమయంలోనే నాకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది, తీసుకుంటే ఏజెన్సీకి వెళ్ళాలి. వద్దని రాసిచ్చేశాను. నా వెనక చేరినవాళ్ళు నాకు పైఅధికారులై వచ్చారు. అమ్మ పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకునే పోయింది. నీ ఏర్పాట్లంటే ఆయానేగా? జీతానికొచ్చిన మనిషికి మీ నాన్న ఎవరు? ఆయన అన్నం వద్దని తల తిప్పుకుంటే బతిమాలి ఇంకో ముద్ద పెడుతుందా?

న్యూజెర్సీ_నాని:
వెళ్ళకండి అన్నా. 2020 మేలో మా నాన్న పోయారు. విమానాలు లేవు, వీడియో కాల్‌లో చూశాను. మా చిన్నాన్న కొడుకు తల కొరివి పెట్టాడు. ఇంకేం రాయలేను.

కొత్తచిగురు:
నాని గారూ, అది కరోనా కాలం, విమానాలు లేకపోవడం మీ తప్పు కాదు. మ్యూనిక్ నుంచి ఒక్క రోజులో రావచ్చు. వెళ్ళండి సార్. లోపల ఏడుస్తూ ఇక్కడే ఉండి ఆ కోపం పెద్దాయన మీదే చూపించేకంటే అక్కడ మనశ్శాంతిగా ఉండి రోజూ ఫోన్ చేయడం మేలు.

పాతబడి_మాస్టారు:
ఫోన్ చేస్తే ఆయన ఎలా మాట్లాడతాడమ్మా, మాటే సరిగా రావట్లేదని రాశాడు కదా. ఆయా సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు. మా వీధిలో ఒక పెద్దావిడకి ఇద్దరు ఆయాలు మారారు, ఒకామె మధ్యాహ్నం మనిషిని వదిలేసి సీరియల్ చూస్తూ కూర్చునేది.

రాత్రిడ్యూటీ:
మాస్టారూ, నేనూ ఆయాగానే మొదలుపెట్టాను. ఇప్పుడు ఆస్పత్రిలో చేస్తున్నా. ఒక తాతగారికి మూడేళ్ళు అన్నం పెట్టాను. నేను తినిపిస్తేనే తినేవారు. జీతం తీసుకున్నంత మాత్రాన మనసు పెట్టలేదనకండి. ఇది చదివి బాధేసింది.

పాతబడి_మాస్టారు:
నిన్ను అనలేదు తల్లీ. అందరూ నీలా ఉండరని అన్నాను.

ప్లీడరు_గుమాస్తా:
చట్టం సంగతి కూడా చూడండి. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి గరిష్ఠంగా 10,000 వరకు ఇప్పించవచ్చు. మీరు అంతకంటే ఎక్కువే పంపుతారు కాబట్టి చట్టం దృష్టిలో మీ తప్పేమీ లేదు.

పాతబడి_మాస్టారు:
పదివేలు పడేస్తే కొడుకైపోతాడా?

ప్లీడరు_గుమాస్తా:
నేను అలా అనలేదు. చట్టంలో ఏముందో అది చెప్పాను.

నిప్పురవ్వ:
గోదారిగట్టు గారూ, ఒక్క మాట అడుగుతాను. "ఇంటి దగ్గర అన్ని ఏర్పాట్లూ" అన్నారు. ఆ ఏర్పాటు ఎవరు? ఇంతమంది ఆయా ఆయా అంటున్నారు గానీ మీరు ఆయా అని ఎక్కడా రాయలేదు. మీ శ్రీమతి గారి ఊసు మీ పోస్టులో ఒక్క చోట కూడా లేదు. ఆవిడా మ్యూనిక్ వస్తున్నారా?

గోదారిగట్టు:
లేదండి. తను, బాబు తణుకులో ఉంటారు. తను హైదరాబాదులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఈ మూడేళ్ళు మానేసి అమ్మావాళ్ళ దగ్గర ఉంటుంది. తనకేం అభ్యంతరం లేదు. అమ్మ అంటే తనకి చాలా ఇష్టం.

నిప్పురవ్వ:
అనుకున్నాను.

మా అత్తగారిని ఆరేళ్ళు చేశాను. ఏం చేశానో చెబుతాను, ఎందుకంటే "చూసుకోవడం" అనే మాట కింద అదంతా దాక్కుంటుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. డైపర్ మార్చాలి. ముక్కులో గొట్టం ఉన్నన్నాళ్ళు అన్నం పల్చగా మిక్సీ పట్టి, వడకట్టి, ఆవిడని ఎత్తుగా కూర్చోబెట్టి పోయాలి, పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నా నడుము అప్పుడే పోయింది, ఇప్పటికీ బిందె ఎత్తలేను. మా ఆయన రోజూ సాయంత్రం వచ్చి పదినిమిషాలు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కూర్చునేవారు. ఊళ్ళో అందరూ "ఎంత మంచి కొడుకో" అనేవారు. అది వంటింట్లో నాకు వినపడేది.

మీ సంతోషమా, మీ బాధ్యతా అని అడుగుతున్నారు. ఈ రెండిట్లో మీరు ఏది ఎంచుకున్నా మంచం పక్కన నిలబడేది ఆవిడే.

పాతబడి_మాస్టారు:
అమ్మా, ఇల్లన్నాక భార్యాభర్తలు పని పంచుకుంటారు. అందులో లెక్కలు చూసుకోరు.

నిప్పురవ్వ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఆ నాలుగేళ్ళు మీ అమ్మగారికి పక్క గుడ్డలు ఎవరు మార్చారు?

పాతబడి_మాస్టారు:
మా ఆవిడ. తల్లికి కొడుకు అవి చేయడం మా రోజుల్లో లేదు. మా ఆవిడ ఏనాడూ నోరెత్తలేదు. మా అమ్మకి కూతురి కంటే ఎక్కువగా చేసింది. మీరు ఈ రకంగా అడగడం బాగాలేదు.

నిప్పురవ్వ:
బాగాలేదనే అడిగాను. ఇందాకటి నుంచి మీరు వదులుకున్న ప్రమోషన్ గురించి వింటున్నాం. ఆవిడ ఏం వదులుకున్నారో మీకు తెలుసా? నోరెత్తలేదంటే ఇష్టంగా చేశారని కాదు. నేనూ నోరెత్తలేదు. ఎత్తితే ఎక్కడికి పోవాలి?

కొత్తచిగురు:
నిప్పురవ్వ గారూ, ఆయన పెద్దవారు, కొంచెం మెల్లగా.

నిప్పురవ్వ:
ఆరేళ్ళు మెల్లగానే ఉన్నానమ్మా.

ప్లీడరు_గుమాస్తా:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను పైన చెప్పిన 2007 చట్టంలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు అందులో లేదు. 2019లో పార్లమెంటులో పెట్టిన సవరణ బిల్లులో కోడల్నీ అల్లుణ్ణీ చేర్చాలని ప్రతిపాదించారు. అంటే ఇప్పుడున్న చట్టం ప్రకారం బాధ్యత కొడుకుదీ, కూతురిదీ. గోదారిగట్టు గారికి చెల్లెలు ఉన్నారు కదా? ఆవిడ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి హక్కు ఇస్తూ చట్టం తెచ్చారు. వాటా ఉన్నచోట వంతు కూడా ఉంటుంది.

గోదారిగట్టు:
చెల్లెలు ఏలూరులో ఉంటుంది. వాళ్ళ అత్తగారింట్లో ఏమనుకుంటారోనని అడగలేదు.

రాత్రిడ్యూటీ:
వాళ్ళ అత్తగారింట్లో ఏమనుకుంటారోనని ఆగారు. మీ ఆవిడ వాళ్ళ పుట్టింట్లో ఏమనుకుంటారని ఆలోచించారా సార్?

పాతబడి_మాస్టారు:
ఇందాకటి నుంచి రాసి చెరిపేస్తున్నాను. మా ఆవిడ పోయి నాలుగేళ్ళైంది. బీయీడీ సీటు వచ్చి వెళ్ళలేదు, అమ్మకి బాగా లేని ఏడే. ఈ సంగతి నాకు గుర్తుంది. ఎవరికైనా చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి. అయినా నా మాట మార్చుకోను, కన్నవాళ్ళని వదిలి వెళ్ళకూడదు. కాకపోతే నువ్వుంటే నువ్వు చెయ్యి నాయనా. నేను చేసినట్టు చెయ్యి పట్టుకుని కూర్చోవడం కాదు.

గోదారిగట్టు:
రాత్రి తనని అడిగాను. "నీకు ఇష్టమేనా" అని కాదు, "నువ్వేం అనుకుంటున్నావు" అని. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "కంపెనీకి మార్చిలో సరే అన్నావు, నాకు ఏప్రిల్లో చెప్పావు" అంది. అది నిజం. తనకి అభ్యంతరం లేదని నేను మీకు రాశాను గానీ, అసలు అడగలేదని నిన్నటిదాకా నాకే తట్టలేదు. వచ్చే ఏడు పదో తరగతి పిల్లలకి తనే లెక్కలు చెప్పాలట, హెడ్‌గా కూడా చేస్తామన్నారట. అదీ నాకు తెలియదు.

ఉద్యోగం మాననంది. నాన్నని హైదరాబాదు తెచ్చి, పగలు ఒకరినీ రాత్రి ఒకరినీ పెట్టుకుంటే తను ఇంట్లో ఉన్న టైములో చూసుకుంటానంది. అమ్మ ఊరు వదలనంటోంది. ఆదివారం చెల్లెలు వస్తోంది, అందరం కూర్చుంటాం. మూడేళ్ళు కాకుండా ఏడాదికి కుదురుతుందేమో ఆఫీసులో అడిగాను, ఇంకా చెప్పలేదు. వెళ్ళాలనే ఉంది, అబద్ధం చెప్పను.

న్యూజెర్సీ_నాని:
ఆదివారం ఏమైందో రాయి అన్నా.

పాతబడి_మాస్టారు:
ఆయనకి ఎయిర్ బెడ్ వేశారా? ఇన్ని రాశాం, ఆయన వీపు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

గోదారిగట్టు:
వేశాం మాస్టారూ. నడుము దగ్గర కొంచెం ఎర్రబడింది.

నిప్పురవ్వ:
ఎర్రబడినచోట రుద్దకండి, డాక్టరుకి చూపించండి. కరెంటు పోతే ఆ బెడ్డులో గాలి దిగిపోతుంది, ఇన్వర్టరుకి కలపండి. రాత్రి తిప్పడం మానొద్దు. ఈ వారం మీరే తిప్పండి.