టూ-వే స్పీకర్‌కు క్రాసోవర్: ఫార్ములా చాలా, కొలవాల్సిందేనా?

కడప_శ్రోత

అందరికీ నమస్కారం. ఆరు నెలలు కష్టపడి ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చేశాను. బేస్, గొంతులకు ఆరున్నర అంగుళాల వూఫర్, పై సౌండ్‌కు ఒక అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్. బాక్స్ 19 మి.మీ. ప్లైవుడ్‌తో, వెలుపలి కొలతలు 22 × 38 × 29 సెం.మీ. లోపల దాదాపు 15 లీటర్లు. వెనక వైపు పోర్టుగా 5 సెం.మీ. పీవీసీ పైపు 15.7 సెం.మీ. పొడవున పెట్టి 45 హెర్ట్జ్‌కు ట్యూన్ చేశాను.

క్రాసోవర్ (కింది సౌండ్‌ను వూఫర్‌కూ పై సౌండ్‌ను ట్వీటర్‌కూ విడదీసి పంపే సర్క్యూట్) మాత్రం పుస్తకంలోని ఫార్ములాతో చేశాను. 2500 హెర్ట్జ్, 8 ఓమ్స్, సెకండ్ ఆర్డర్ బటర్‌వర్త్ అనే రకం ఫిల్టర్. కాయిల్ 0.72 మిల్లీహెన్రీ, కెపాసిటర్ 5.6 మైక్రోఫారడ్. ట్వీటర్‌కూ అవే విలువలు.

కానీ ఆడవాళ్ల గొంతు వస్తే చెవిలో అరిచినట్టుంది. ట్వీటర్ వైర్లు తిప్పి కలిపితే అరుపు పోతుంది కానీ, గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టు దూరమైపోతుంది. బేస్ ఏమో గుమ్మని మోగుతుంది. స్పీకర్లు మా హాల్లో గోడ గూట్లో, కడప బండ మీద ఉన్నాయి. లెక్క తప్పానా? లేక లెక్కే చాలదా?

అనంత_కొలత

తమ్ముడూ, మీ లెక్కలో తప్పు లేదు. ఆ ఫార్ములా 8 ఓమ్స్ రెసిస్టర్‌కు రాసింది. మీ వూఫర్ రెసిస్టర్ కాదు.

వూఫర్ డేటా షీటులో రెండు అంకెలు చూడండి. వాయిస్ కాయిల్ డీసీ రెసిస్టెన్స్, ఇండక్టెన్స్. ఈ సైజు వూఫర్లలో అవి 5.8 ఓమ్స్, 0.7 మిల్లీహెన్రీ దరిదాపుల్లో ఉంటాయి. అలా అయితే 2500 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపెడెన్స్ (ఆ ఫ్రీక్వెన్సీలో కరెంటుకు పడే అడ్డు) సుమారు 12 ఓమ్స్. ఫిల్టర్‌కు 8 ఓమ్స్ లోడ్ పడితేనే వంపు నున్నగా ఉంటుంది. 12 పడితే ఫిల్టర్‌కు పట్టు చాలదు, 2 వేలకూ 3 వేలకూ మధ్య గుట్టలా లేస్తుంది. పైగా బటర్‌వర్త్ సెకండ్ ఆర్డర్‌లో రెండు డ్రైవర్లు (వూఫర్, ట్వీటర్) కలిసే చోట ఒక పోలారిటీలో, అంటే వైర్లు ఒక వైపు కలిపితే, గుంట పడుతుంది, రెండో పోలారిటీలో 3 డెసిబెల్స్ లేస్తుంది. మీరు విన్న రెండు రకాల సౌండ్లూ ఇవే. మనిషి చెవి బాగా సున్నితంగా ఉండేది కూడా 3 వేల చుట్టుపక్కలే. అందుకే అంత బాధ.

నా మాట ఒకటే. డ్రైవర్లను అదే బాక్స్‌లో బిగించి, కొలిచి, ఆ కొలతల మీద క్రాసోవర్ డిజైన్ చేయండి. కొలవడానికి ఆర్‌ఈడబ్ల్యూ, డిజైన్‌కు విట్యుయిక్స్‌క్యాడ్ ఉన్నాయి, రెండూ ఉచితమే. మైకు ఒక్కటే ఖర్చు.

కర్నూలు_మెకానిక్

ఇరవై ఏళ్లకు పైగా కర్నూల్లో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. కంప్యూటర్ గ్రాఫ్ గీత గీసినట్టున్నా పది నిమిషాలు వినలేని సెట్లు నా బల్ల మీదికి వచ్చాయి. గ్రాఫ్ లేకుండా, ఒక రెసిస్టర్ ఇటూ అటూ మార్చి, పాట వింటూ సరిచేసిన సెట్లు ఇంకా ఇళ్లలో పాడుతున్నాయి.

ఈ తమ్ముడు మొదట చేయాల్సింది ట్వీటర్ ముందు 3.3 లేదా 4.7 ఓమ్స్ రెసిస్టర్ వేయడం. డోమ్ ట్వీటర్లు మామూలుగా వూఫర్ కన్నా నాలుగైదు డెసిబెల్స్ గట్టివి. రెండోది, పోర్టులో స్పాంజి కుక్కి వినడం. మైకు కొనే డబ్బుతో మంచి కాయిల్ కొనొచ్చు. గదిలో మైకు పెడితే అది స్పీకర్‌ను కాదు, గోడల్ని కొలుస్తుంది. మన ఇళ్లలో బండల నేల, సున్నం గోడలు. కార్పెట్ ఉండదు, పరదాలు తక్కువ. ఆ గ్రాఫ్‌ను నమ్మి క్రాసోవర్ మారిస్తే పాడవుతుంది తప్ప బాగుపడదు.

అనంత_కొలత

అన్నా, గోడల సంగతి మీరు చెప్పింది నిజం. దానికి దారి ఉంది. నేను కొలిచేది మిద్దె మీద, రాత్రి పదకొండు దాటాక, ఊరు సద్దుమణిగినప్పుడు. ట్వీటర్‌నూ మైకునూ నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో, మీటరు దూరంలో పెడతాను. పిట్టగోడలకు దూరంగా, నడిమిద్దెలో. నేల మీద కొట్టుకుని వచ్చే శబ్దం 2.6 మీటర్లు తిరిగి రావాలి. అంటే నేరుగా వచ్చేదానికన్నా సుమారు 4.6 మిల్లీసెకన్లు ఆలస్యం. సాఫ్ట్‌వేర్‌లో అంతవరకే కోసి తీసుకుంటే గోడలూ నేలా లేని స్పీకర్ కనిపిస్తుంది. సుమారు 220 హెర్ట్జ్ పైన ఆ కొలతను నమ్మొచ్చు. క్రాసోవర్‌కు అది చాలు. బేస్ కోసం మైకును వూఫర్ కోను దగ్గరగా పెట్టి విడిగా కొలుస్తాను.

రెసిస్టర్ విషయంలో నాకు అభ్యంతరం ఉంది. అరుపు వూఫర్ నుంచి వస్తుంటే ట్వీటర్‌ను తగ్గించి ఏం లాభం? పై సౌండ్ మొద్దుబారుతుంది, అరుపు అలాగే ఉంటుంది. చెవి నాలుగు రోజుల్లో దానికి అలవాటు పడిపోతుంది, బాగైందనుకుంటాం.

తమ్ముడికి ఒక జాగ్రత్త. ట్వీటర్‌ను క్రాసోవర్ లేకుండా కొలిచేటప్పుడు సిరీస్‌లో 20 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పకుండా పెట్టండి. కొలత కోసం ఆడించే స్వీప్ (కింది నుంచి పైకి జారే టోన్) మరీ కింది నుంచి మొదలైతే డోమ్ కాలిపోతుంది.

ప్రొద్దుటూరు_వడ్రంగి

క్రాసోవర్ గొడవలో బాక్స్‌ను మరిచిపోతున్నారు. నేను అల్మారాలు, పూజా మందిరాలు చేసేవాణ్ణి. ఇప్పటికి నాలుగు జతల స్పీకర్ బాక్సులు చేశాను. పక్క పలక మీద వేలితో కొట్టి వినండి. డొల్లగా మోగితే అదే మీ గుమ్మడం. నడుమ ఒక అడ్డపట్టీ వేసి, జిగురు పెట్టి బిగించండి.

కడప బండతోనే బాక్స్ చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేనూ ఒకసారి ఆలోచించాను. ఈ సైజుకు 20 మి.మీ. బండ వాడితే ఒక్కో బాక్స్ 20 కిలోలు దాటుతుంది. బండ వంగదు, నిజమే. కానీ కొడితే ఖణేల్‌మంటుంది, ఆ మోత పైస్థాయిలో నిలబడుతుంది. బీబీసీ వాళ్ల ఎల్‌ఎస్3/5ఏ చిన్న స్పీకర్‌కు వాడింది 12 మి.మీ. బర్చ్ ప్లైవుడ్. పలక బరువు మీద ఆధారపడకుండా, లోపల మోత చంపే పొర అంటించారు. చెక్కపనివాడిగా నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

కర్నూలు_మెకానిక్

ఎల్‌ఎస్3/5ఏ మాటెత్తారు కాబట్టి చెబుతాను. బీబీసీ ఇంజనీర్లు స్టూడియోలో మాట్లాడే మనిషి గొంతునూ స్పీకర్‌లో వచ్చే గొంతునూ పోల్చి వినేవాళ్లు. చెవే కదా తీర్పు చెప్పింది? నేనూ పాట కన్నా ముందు ఆకాశవాణి వార్తలు పెట్టి వింటాను. మనిషి మాట సహజంగా ఉంటే మిగతావి దారికొస్తాయి.

అనంత_కొలత

చెవి తీర్పు చెప్పిందన్న మాట ఒప్పుకుంటాను అన్నా. కానీ ఆ చిన్న బాక్స్‌లో క్రాసోవర్ చూడండి, ఎన్ని కాయిళ్లు, ఎన్ని కెపాసిటర్లు! కొలిచి, సరిదిద్ది, ఆ తర్వాత విన్నారు. వినడం చివరి మెట్టు, నేను దాన్ని మొదటి మెట్టు చేయొద్దంటున్నాను.

గూటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 22 సెం.మీ. వెడల్పున్న బాక్స్ గదిలో విడిగా నిలబడితే సుమారు 520 హెర్ట్జ్ దగ్గర్నుంచి కిందికి శబ్దం వెనక్కి కూడా పరుచుకుంటుంది, ముందు వినేవాళ్లకు 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. అందుకే చాలా డిజైన్లలో పెద్ద కాయిల్ వేసి దాన్ని సరిచేస్తారు. గూట్లో పెడితే చుట్టూ ఉన్న గోడే ముందు పలకగా పనిచేస్తుంది, ఆ తగ్గుదల చాలావరకు ఉండదు. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికే రెడీ డిజైన్ ఏదీ మీ గూటికి సరిపోదు. పైగా వెనక పోర్టు గోడకు ఆనుకుని ఊపిరాడక ఉంటుంది. పోర్టు మూసేయమన్న అన్న సలహా ఇక్కడ నూటికి నూరుపాళ్లు సరైనది. బాక్స్‌కూ గూటి గోడలకూ మధ్య సందుల్లో ఫోమ్ నింపండి.

కడప_శ్రోత

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మీరందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా చేశాను.

ముందు పోర్టులో స్పాంజి. గుమ్మడం సగానికి సగం తగ్గింది, ఒక్క పైసా ఖర్చు లేదు. తర్వాత అడ్డపట్టీ, సందుల్లో ఫోమ్.

ఆ తర్వాత మెకానిక్ అన్న చెప్పిన 4.7 ఓమ్స్ రెసిస్టర్. మొదటి రోజు హాయిగా అనిపించింది. మూడో రోజు వయొలిన్ వింటుంటే గీతల పదును పోయిందని తెలిసింది, గొంతులో అరుపు మాత్రం మిగిలే ఉంది. తీసేశాను.

స్నేహితుడి దగ్గర మైకు అరువు తెచ్చుకుని మిద్దె మీద కొలిచాను. వూఫర్ ఒక్కదాన్ని ఫిల్టర్‌తో కొలిస్తే 2200 దగ్గర గుట్ట స్పష్టంగా కనిపించింది. వూఫర్ ఇంపెడెన్స్ పెరగకుండా దాని రెండు వైర్ల మధ్య 7.5 ఓమ్స్ రెసిస్టర్, దాంతో సిరీస్‌లో రెండు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పక్కపక్కన (పారలల్‌గా) కలిపి వేశాను. మా వూఫర్ డేటా షీటులోనూ 5.8, 0.7 అనే ఉన్నాయి, ఇండక్టెన్స్‌ను రెసిస్టెన్స్ వర్గంతో భాగిస్తే సుమారు 20 మైక్రోఫారడ్ వచ్చింది. గుట్ట దిగిపోయింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఎవరు పాడుతున్నారని అడిగి, కాసేపు కూర్చుని విన్నది. ఆరు నెలల్లో అదే మొదటిసారి.

ట్వీటర్ ఇంకా కాస్త ఎక్కువే ఉంది. గ్రాఫ్ ప్రకారం 2.2 ఓమ్స్ చాలు. మా హాల్లో వింటే 3.3 బాగుంది.

కర్నూలు_మెకానిక్

3.3 ఉంచు తమ్ముడూ. మీ హాల్లో బండల మీద పడి తిరిగొచ్చే ట్రెబుల్‌ను మిద్దె మీద పెట్టిన మైకు వినలేదు. ఆ వూఫర్ గుట్ట సంగతి మాత్రం నేను ట్వీటర్ మీద వేసి పొరబడ్డాను. ఆ కెపాసిటర్లు నాన్ పోలారేనా (ప్లస్ మైనస్ తేడా లేనివేనా)? ఒకసారి చూసి చెప్పు.

అనంత_కొలత

3.3 గురించి నేనూ ఒప్పుకుంటాను. కానీ ట్వీటర్ వైర్లు తిప్పి ఒకసారి కొలిచి ఆ గ్రాఫ్ ఇక్కడ పెట్టండి. రెండు డ్రైవర్లూ సరిగ్గా కలుస్తుంటే కలిసే చోట లోతైన గుంట పడాలి. గుంట పక్కకు జరిగినా, లోతు లేకపోయినా వూఫర్ కాయిల్ విలువ మార్చాలి.

కడప_శ్రోత

నాన్ పోలారే అన్నా. ఈ రాత్రి గాలి తగ్గితే మళ్లీ మిద్దె ఎక్కుతాను.