హాస్పిస్‌ను ‘మరణాలయం’ అనడం సబబేనా?

నయంకాని జబ్బుతో మరణానికి చేరువైనవారిని బాధ తగ్గిస్తూ చూసుకునే చోటును ఇంగ్లీషులో ‘హాస్పిస్’ అంటారు. ఈ మాటకు తెలుగులో ‘మరణాలయం’, ‘అంతిమ దశ కేంద్రం’ వంటి అనువాదాలను కొందరు సూచించారు. ఈ రెండింటిలోనూ చావు ముందుకొచ్చి మనిషి కనుమరుగవుతున్నాడన్నది నా అభ్యంతరం.

మూలం లాటిన్‌లోని ‘హోస్పెస్’. ఇంటికి వచ్చినవారికీ, వారిని ఆదరించేవారికీ ఆ భాషలో అదొక్కటే పేరు. అందులోంచి వచ్చిన ‘హోస్పిటియం’ అంటే ఆతిథ్యం, బస. హాస్పిటల్, హోటల్ కూడా ఈ కుదురులోవే. మధ్యయుగపు ఐరోపాలో బాటసారులకూ జబ్బుపడినవారికీ మఠాలు నడిపిన బసలకు ఈ పేరుండేది; ఆల్ప్స్‌లోని గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ వద్ద 11వ శతాబ్దంలో వెలసినది అలాంటిదే. మరణానికి చేరువైనవారి సంరక్షణ అనే ప్రత్యేకార్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది. 1879లో డబ్లిన్‌లో క్రైస్తవ సన్యాసినులు ఇటువంటి నిలయాన్ని తెరిచారు.

నేటి రూపాన్నిచ్చినవారు సిసిలీ సాండర్స్. నర్సుగా మొదలై వైద్యురాలైన ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. శరీరం, మనసు, కుటుంబం, ఆధ్యాత్మిక చింత కలగలిసిన బాధను ఆమె ‘టోటల్ పెయిన్’ అన్నారు. నొప్పి తిరగబెట్టి రోగి అడిగేదాకా ఆగకుండా వేళ ప్రకారం ముందే మార్ఫిన్ అనే నొప్పి మందు ఇస్తే, మళ్లీ నొప్పి వస్తుందేమో అన్న భయం సడలి, పక్కన కూర్చున్న కూతురి మాట ఆ మనిషి చెవికెక్కుతుంది. ఈ పనికి ‘మరణాలయం’ అని పేరు పెట్టడానికి నాకు మనసొప్పదు.

అర్థాన్ని బట్టి చూస్తే ‘సత్రం’ చాలా దగ్గరి మాట, కాని దిక్కులేనివారి బస అన్న ఛాయ దానికి అంటుకుని ఉంది. ఇదే చిక్కు ఫ్రెంచిలోనూ ఎదురైంది: ఆ భాషలో ‘హాస్పిస్’ అనాథల నిలయాన్ని స్ఫురింపజేస్తుందని, 1970లలో కెనడాలో ఫ్రెంచి వాడుక ఉన్న మాంట్రియల్‌ నగరంలో వైద్యుడు బాల్ఫర్ మౌంట్ ‘పాలియేటివ్ కేర్’ అనే పేరును ఎంచుకున్నారు. ‘పాలియేటివ్’కు మూలమైన లాటిన్ ‘పాలియం’ అంటే పైవస్త్రం; బాధను కప్పి తగ్గించడమన్న భావం అందులోంచి వచ్చింది. మన ‘ఉపశమన చికిత్స’ ‘పాలియేటివ్ కేర్’కు చక్కగా సరిపోతుంది. అయితే జబ్బు నయంచేసే వైద్యంతోపాటే ఉపశమన చికిత్సను మొదలుపెట్టవచ్చు, హాస్పిస్ సేవ సాధారణంగా ఆ వైద్యం ఇక ఫలించదన్నప్పుడు మొదలవుతుంది. అందుకని రెండింటికీ ఒకే మాట వాడరాదు.

నా ప్రతిపాదన ‘సాంత్వన సదనం’. ఈ సంరక్షణ రోగి ఇంట్లోనే సాగినప్పుడు ‘సదనం’ పొసగదు కాబట్టి, అక్కడ ‘సాంత్వన సేవ’ అనవచ్చు. ‘అతిథి’ అన్న భావం ఇందులోనూ రాలేదన్న వెలితి నాకుంది; దానిని పట్టి ఇచ్చే మాట ఎవరికైనా తడితే దయచేసి తెలపండి.