1966 పాంటియాక్ జీటీవో: ట్రాఫిక్‌లో వేడి, ఒక పక్కకు లాగే బ్రేకులు, నిలకడలేని టైమింగ్ – దేనితో మొదలుపెట్టాలి?

జీటీవో_66:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1966 నాటి పాంటియాక్ జీటీవో ఉంది. 389 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్, నాలుగు బారెళ్ల కార్టర్ కార్బ్యురేటర్, నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు ఉన్నాయి. ఇంజన్‌ను ఇంతవరకు ఎవరూ విప్పలేదని అమ్మినవారు చెప్పారు. ప్రదర్శనలో నిలబెట్టడానికి కాదు, నడపడానికే ఈ బండిని ఉంచుకున్నాను.

హైవే మీద వెళ్తున్నంతసేపు ముల్లు 185 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర కదలకుండా ఉంటుంది. సిగ్నళ్ల మధ్య నత్తనడక మొదలైతే మాత్రం 220 దాటిపోతుంది. ఆ వేడి మీద ఇంజన్ ఆపి కాసేపటికి మళ్లీ స్టార్ట్ చేయబోతే పెట్రోలు వాసన వస్తుందే తప్ప ఇంజన్ వెంటనే అందుకోదు. బ్రేకు మొదటిసారి తొక్కినప్పుడు బండి ఎడమకు లాగుతుంది. ఇక టైమింగ్ (స్పార్కు పడే సమయం) కోసం టైమింగ్ లైటు పెట్టి చూస్తే గుర్తు ఒకచోట నిలవకుండా ముందుకూ వెనక్కీ ఊగుతోంది.

అల్యూమినియం రేడియేటర్, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఒకేసారి వేయించుకోమని ఒక మెకానిక్ సలహా ఇచ్చారు. వీటిలో ఏది ముందు, ఏది అనవసరం? ఎప్పుడైనా మనసు మారితే పాత భాగాలను తిరిగి బిగించుకునే వీలుండాలన్నది నా షరతు.

నట్టు_బోల్టు:

బ్రేకులతో మొదలుపెట్టండి, మిగిలినవన్నీ ఆగగలవు. మీ బండిలో మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని గొట్టాల్లోకి నెట్టేదానికి) ఒకే గది ఉంటుంది కాబట్టి, ఏ మూల ఏ గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతాయి. 1967 మోడల్ నుంచి ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ వేర్వేరు గదులున్న మాస్టర్ సిలిండర్ వచ్చింది. డ్రమ్ము బ్రేకుల కోసం చేసిన ఆ సిలిండర్‌ను తెచ్చుకుని, వెనుక చక్రాలకు వెళ్లే లైనును విడదీసి కలుపుకోవచ్చు. బూస్టర్ (కాలి బలాన్ని పెంచే పరికరం) లేని బండి అయితే పుష్‌రాడ్ (పెడల్ నుంచి సిలిండర్‌ను నెట్టే కడ్డీ) కూర్చునే గుంట లోతుగా ఉన్న సిలిండరే తీసుకోవాలి, ఎందుకంటే గుంట లోతు తక్కువైతే రాడ్ జారిపడే ప్రమాదం ఉంది. పాత సిలిండర్‌ను గుడ్డలో చుట్టి దాచుకుంటే మీ షరతూ నెరవేరుతుంది.

బండి ఎడమకు లాగుతోందంటే ఎడమ బ్రేకు చెడిందని అనుకోకండి. ఎడమది సరిగా పట్టుకుంటూ కుడిది ఆలస్యం చేస్తున్నా అలాగే లాగుతుంది. రెండు డ్రమ్ములూ విప్పి, వీల్ సిలిండర్ (బ్రేకు షూలను డ్రమ్ము మీదకు నెట్టే చిన్న సిలిండర్) రబ్బరు తొడుగును వేలితో ఎత్తి చూడండి. లోపల తడి కనిపిస్తే అక్కడ లీకు ఉన్నట్టే. తరువాత షూల లైనింగ్‌ను గమనించండి: పొట్టి లైనింగ్ ఉన్న షూ బండి ముందు వైపుకు, పొడుగుది వెనుక వైపుకు ఉండాలి. ఒక చక్రంలో రెండు పొట్టివీ మరో చక్రంలో రెండు పొడుగువీ బిగించిన బండ్లు ఎన్నో నా కంటపడ్డాయి. రబ్బరు హోసులు పాతవైతే పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి కాబట్టి వాటిని చూడకుండానే మార్చేయండి.

ఇవన్నీ సరిచేస్తే రోజువారీ వాడకానికి డ్రమ్ములు సరిపోతాయన్నది నా అభిప్రాయం.

గేరు_నాలుగు:

నట్టు_బోల్టు గారు చెప్పిన క్రమం సరైనదే కానీ, డ్రమ్ములు సరిపోతాయన్న మాటతో నేను ఏకీభవించలేను. సుమారు 3,500 పౌండ్ల బండిని 9.5 అంగుళాల డ్రమ్ములతో పొడుగాటి దిగుడు రోడ్డు మీద ఆపుకుంటూ వస్తే, కొంతసేపటికి లైనింగ్ వేడెక్కి, పెడల్ గట్టిగానే ఉన్నా బండి ఆగకుండా పోతుంది. జీటీవోకు ముందు డిస్కులు 1967లోనే ఐచ్ఛికంగా వచ్చాయి. కొండదారుల్లో తిరిగేవారైతే ఆ మార్పు చేసుకోవడమే మేలు.

అయితే దాన్ని సగం చేసి వదలకూడదు. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌లో లైనులో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని తీయకుండా ముందు డిస్కులకు కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. వెనుక చక్రాలు ముందే పట్టేసుకోకుండా ప్రపోర్షనింగ్ వాల్వు (వెనుక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించేది) కూడా కావాలి. స్టాక్ 14 అంగుళాల చక్రాల్లో క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పడుతుందో లేదో కిట్ కొనకముందే కొలుచుకోండి.

పాత_మీటరు:

ఇద్దరూ బ్రేకుల గురించి చెప్పవలసినది చెప్పారు కాబట్టి నేను వేడి విషయానికి వస్తాను. నా ఉద్దేశంలో ఆ రేడియేటర్ కొనవలసిన పని లేదు. రేడియేటర్ పూడుకుపోయి ఉంటే, ఇంజన్ ఎక్కువ శక్తి ఇచ్చే హైవే మీదే ముందుగా వేడెక్కాలి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రమే వేడెక్కుతోందంటే గాలి చాలడం లేదు, లేదా నీరు చాలినంత తిరగడం లేదు, లేదా టైమింగ్ వెనకబడి ఉంది. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలి రేడియేటర్ గుండానే వచ్చేలా చేసే తొడుగు) ఉందో లేదో, ఫ్యాన్ క్లచ్ (వేడిని బట్టి ఫ్యాన్‌ను ఇంజన్‌తో కలిపే భాగం) ఉంటే అది వేడి మీద బిగుసుకుంటోందో లేదో ముందు చూడండి.

ఆ తరువాత పాంటియాక్ ఇంజన్లకే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. వాటర్ పంపుకూ టైమింగ్ కవర్‌కూ మధ్య ఒక ఉక్కు రేకు ఉంటుంది. పంపు రెక్కలకూ ఈ రేకుకూ మధ్య సందు ఎక్కువైతే, తక్కువ వేగంలో నీరు ముందుకు వెళ్లకుండా ఆ సందులోంచే వెనక్కి జారిపోతుంది. పంపు మార్చినవారు చాలామంది ఈ సందును కొలవరు. రేకు మీద మెత్తని మట్టి ముద్దలు అంటించి, పంపును బిగించి మళ్లీ విప్పితే, నొక్కుకుపోయిన మట్టి మందమే ఆ సందు. రెక్కలకు తగలకుండా, వీలైనంత దగ్గరగా వచ్చేలా రేకును సుత్తితో జాగ్రత్తగా వంచుకోవాలి.

వేడి మీద స్టార్ట్ కాకపోవడానికి కారణం వేరు. ఇంజన్ ఆగాక కింది వేడికి కార్బ్యురేటర్‌లోని పెట్రోలు మరిగి, పొంగి మానిఫోల్డ్‌లోకి దిగుతుంది. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలులో ఈ బాధ మరీ ఎక్కువ. కార్బ్యురేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ గాస్కెట్ వేస్తే చాలావరకు తగ్గుతుంది, కానీ ఎయిర్ క్లీనర్ బానెట్‌కు తగలకుండా చూసుకోండి.

టైమింగ్ గుర్తు ఊగడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్ షాఫ్ట్ బోల్టుకు పెద్ద పానా వేసి చేత్తో ఒక దిక్కుకు తిప్పండి. తరువాత ఎదురు దిక్కుకు మెల్లగా తిప్పుతూ, రోటర్ (ఆ మూత కింద తిరిగే ముక్క) కదలడం మొదలయ్యేలోపు క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూడండి. పది డిగ్రీలు దాటితే టైమింగ్ చైను (క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే గొలుసు) సాగిపోయినట్టే. ఆ కాలపు పాంటియాక్ ఇంజన్లలో క్యామ్ గేరు పళ్లకు నైలాన్ తొడుగు ఉండేది. అది ముసలిదై ముక్కలుగా రాలి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. ఇంజన్‌ను ఎవరూ విప్పలేదన్నారు కాబట్టి ఆ గేరు ఇంకా లోపలే ఉండి ఉంటుంది.

జీటీవో_66:

అందరికీ కృతజ్ఞతలు. పాత_మీటరు గారూ, మీరు చెప్పినట్టే పానా వేసి తిప్పి చూశాను. రోటర్ కదలకముందే క్రాంక్ దాదాపు పదిహేను డిగ్రీలు తిరిగింది. ఇంజన్ ఆయిల్ దించి ట్రేను వెలుతురులో వంచి చూస్తే, గోధుమరంగు ప్లాస్టిక్ పెళుసులు గోరంత పరిమాణంలో అడుగున కనిపించాయి. కుడి ముందు చక్రం వీల్ సిలిండర్ కూడా తడిగానే ఉంది. చైను మార్చాక ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అవసరం ఉంటుందా?

పాత_మీటరు:

ఆ పెళుసులు కనబడ్డాక ఇంజన్‌ను ఇక స్టార్ట్ చేయకండి. పూర్తిగా ఉక్కు పళ్లున్న గేర్లు, కొత్త చైను వేయించి, ఆయిల్ ప్యాన్ దించి జల్లెడ శుభ్రం చేయించండి. పంపు ఎలాగూ ఊడుతుంది కాబట్టి రేకు సందు కూడా అప్పుడే సరిచూసుకోవచ్చు. కొత్త ఆయిల్ పోసేటప్పుడు జింకు, ఫాస్ఫరస్ ఎక్కువున్న రకం తీసుకోండి, మీ క్యామ్‌కు అది అవసరం.

ఇగ్నిషన్ విషయంలో తొందరేమీ లేదు. డెల్కో డిస్ట్రిబ్యూటర్ మూతకున్న చిన్న కిటికీ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగానే అలెన్ కీతో డ్వెల్‌ను (పాయింట్లు మూసుకుని ఉండే కోణాన్ని) 30 డిగ్రీలకు తెచ్చుకోవచ్చు. అంత వసతి ఉన్న పాయింట్లను (కాయిల్ కరెంటును తెంచి స్పార్కు పుట్టించే స్విచ్చును) నేనైతే ఉంచుకుంటాను. ఎలక్ట్రానిక్ మాడ్యూలే కావాలనుకుంటే, కాయిల్‌కు వచ్చే రెసిస్టెన్స్ తీగ నుంచి దానికి కరెంటు ఇవ్వకుండా, ఇగ్నిషన్ ఆన్‌లో నిండు 12 వోల్టులు వచ్చే చోటు నుంచి వేరే తీగ లాగండి.