షెడ్డులో మెటల్ హాలైడ్ తీసేసి ఎల్ఈడీ పెట్టాలి, ఏం చూసి కొనాలి?

మా వర్క్‌షాప్ పైకప్పు 9 మీటర్ల ఎత్తు. ఇప్పుడున్నవి 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు. బ్యాలస్ట్‌తో (దీపానికి కరెంటును అదుపు చేసే చోక్) కలిపి ఒక్కోటి 450 వాట్ల దాకా లాగుతోంది. కరెంటు పోయి వస్తే మళ్లీ పూర్తిగా వెలగడానికి పది నిమిషాల పైనే, అందాకా పని బంద్. 150 వాట్ల ఎల్ఈడీ హైబేలు (ఎత్తైన పైకప్పుకు పెట్టే దీపాలు) చాలంటున్నాడు సప్లయర్. వాట్లదేముంది, పని చేసే బల్ల మీద ఎన్ని లక్స్ (వెలుతురు కొలత) పడుతుందో కదా కావాల్సింది! బీమ్ యాంగిల్ (వెలుగు పరుచుకునే కోణం) 60 డిగ్రీలా, 120 డిగ్రీలా అంటే నీళ్లు నములుతున్నాడు.

అసలు టెన్షన్ లేత్ మెషిన్ల దగ్గర. ఎల్ఈడీకి కరెంటు అందించే డ్రైవర్ నాసిరకమై ఫ్లికర్ (వెలుగు వేగంగా మిణుకుమనడం) ఉంటే, గిర్రున తిరిగే చక్ (లేత్‌లో పనిముక్కను పట్టుకునే భాగం) కూడా ఒక్కోసారి ఆగినట్టే కనబడుతుంది. చెయ్యి పెట్టారంటే అంతే. కొనేముందు ఫ్లికర్ ఎలా పరీక్షించాలి? ఫోన్‌లో స్లోమోషన్ వీడియోను నమ్మొచ్చా? ఇలా మార్చినవాళ్లు కాస్త చెప్పండి.