సమస్యాపూరణం: మెరుపు పోయినపుడె మేలు కలిగె

నిర్వాహకుడు, హనుమకొండ:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*మెరుపు పోయినపుడె మేలు కలిగె*

షరతు ఒక్కటే. పద్యంలో కారు ముందుండే గుర్తు రావాలి. నిన్న నక్కలగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి చూస్తే, ఒకప్పుడు ఉబ్బెత్తుగా తళతళలాడిన లోగోలు ఇప్పుడు పెన్సిల్‌తో గీసినట్టు చదునుగా ఉన్నాయి. మన వరంగల్ కోటలోని రాతి తోరణం రాష్ట్ర ముద్రలోకి వచ్చేసరికి ఉత్త గీతలై కూర్చున్నట్టు! ఇక కానివ్వండి.

కాజీపేట కవి:

*చేతి ఫోను తెరను చిన్నబొమ్మగ మార*
*వెండి పూత రింగు వెలసిపోయె*
*సన్న గీత లొకటె చక్కగా కనిపించె*
*మెరుపు పోయినపుడె మేలు కలిగె*

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి. మూడో పాదంలో స–చ మైత్రి చెల్లుతుంది, ఎవరూ అడగక్కర్లేదు. "ఫోను తెర" అనడం ఇంకా బాగుంది. 2020లో బీఎండబ్ల్యూ నల్ల రింగు తీసేసి పారదర్శకంగా గీసిన గుర్తు ప్రకటనలకూ తెరలకే. బండి మీద అప్పట్లో పాతదే ఉంచింది. ఫోక్స్‌వాగన్ మాత్రం 2019లో బండి మీద కూడా చదును చేసింది.

జమ్మికుంట అల్లుడు: సార్, బీఎండబ్ల్యూ గుర్తు విమానం ముందు తిరిగే పంకా (ప్రొపెల్లర్) కదా?

నిర్వాహకుడు: అందరూ అనుకునేదే. గుర్తు పుట్టింది 1917లో, ఆ నీలం తెలుపు జర్మనీలోని బవేరియా రాష్ట్రం రంగులు. తిరిగే పంకా రెక్కల్లో ఆ గుర్తును చూపించిన ప్రకటన 1929 నాటిది. కథ వెనక నుంచి వచ్చి అతుక్కుంది.

ఇంటర్ పిల్ల, పరకాల: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే తిట్టకండి.

*నాల్గు సంస్థలొక్క నాడు జట్టుగ చేర*
*గొలుసు రింగులయ్యె కుదురుగాను*
*వెండి పూత తీసి చదును చేయగ నేడు*
*మెరుపు పోయినపుడె మేలు కలిగె*

నిర్వాహకుడు: తిట్టడమెందుకమ్మా, విషయం గట్టిది. 1932లో ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ఖ్, వాండరర్ అనే కంపెనీలు కలిసిన గుర్తే ఆడి కారు మీది ఆ నాలుగు రింగులు. మూడో పాదంలో యతి తప్పింది: "వెం"కి "చ" ఎక్కడ కలుస్తుంది? "చదును"ను కదపకు, మొదలు మార్చు:

*చాలు పూత యనుచు చదును చేయగ నేడు*

ఇప్పుడు పూత వద్దని కంపెనీయే అన్నట్టు కూడా వినిపిస్తుంది.

ఇంటర్ పిల్ల, పరకాల: థ్యాంక్యూ సార్! రాత్రంతా ఆ పాదంతోనే టెన్షన్.

జమ్మికుంట అల్లుడు: నాదీ చూడండి. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా మీద.

*గుండ్రగీత తీసి కొత్తగా కలిపితే*
*కేయెనంచు జనులు గేలిచేయ*
*పేరు వెదకి వెదకి పెరిగె దానికి పేరు*
*మెరుపు పోయినపుడె మేలు కలిగె*

కాజీపేట కవి: భలే! 2021లో అక్షరాలు కలిపిన కొత్త గుర్తు వచ్చినప్పుడు, KIAని KN అని చదువుకొని "కేఎన్ కారు ఏ కంపెనీది" అని జనం నెట్‌లో వెతికిన మాట నిజమే. కానీ ఇందులో మెరుపు పోయిందెక్కడ? పోయింది గీత. సమస్య తీరలేదన్నా.

నిర్వాహకుడు: ఆక్షేపణ న్యాయమైనదే. ఇంకోటి. ఆ పాత గీత గుండ్రం కాదు. "కోల ముఖం" అంటాం చూడండి, ఆ కోల. "కోల గీత తీసి" అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి, వాస్తవమూ నిలుస్తుంది. మూడో పాదానికి మాత్రం నా వీరతాడు.

హసన్‌పర్తి టీచరమ్మ:

*ప్లగ్గు లోని మంట బదులు కరెంటాయె*
*పొగయు మోత లేని బుల్లి బండి*
*నుదుటి బిళ్ల పలుచ నున్నగా వెలుగొందె*
*మెరుపు పోయినపుడె మేలు కలిగె*

కాజీపేట కవి: మేడమ్, మూడో పాదంలో వెలుగుతోంది, నాలుగులో మెరుపు పోయింది. ఎట్లా?

హసన్‌పర్తి టీచరమ్మ: పోయిన మెరుపు స్పార్క్ ప్లగ్గుది నాయనా. మొదటి పాదం మళ్లీ చదువు.

నిర్వాహకుడు: సమస్య ఇచ్చిన నాకే తోచని శ్లేష! లోగోను "నుదుటి బిళ్ల" అన్నందుకు వేరే మార్కులు.

హంటర్ రోడ్ మెకానిక్: నాకు గణాలు రావు, బండ్లు వచ్చు. ఆ బిళ్ల నున్నగా ఉండటానికి ఇంకో కారణం చెప్తా. కొన్ని కార్లలో ముందు బండి దూరం కొలిచే రాడార్ ఆ గుర్తు వెనకాలే ఉంటుంది. మందం లోహం అడ్డొస్తే దానికి కనబడదు, అందుకే అక్కడ ప్లాస్టిక్ పలక పెడతారు. మొన్న ఒకాయన ఎక్కడో కొన్న మెరిసే స్టిక్కర్ దాని మీద అంటించుకొచ్చాడు, డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు ఆరట్లేదని. వైరింగంతా విప్పి చూశా. చివరికి గోరుతో స్టిక్కర్ గీకి తీస్తే లైటు ఆరింది.

నిర్వాహకుడు: మెరుపు పోయింది, మేలు కలిగింది. ఈ వారం అసలు పూరణ నీదే తమ్ముడూ, పద్యం ఒక్కటే బాకీ.

హంటర్ రోడ్ మెకానిక్: మేలు మీకు సారూ. టీచరమ్మ చెప్పిన బండ్లొస్తే ఇంజనాయిల్ మార్చమని నా దగ్గరికి ఎవరొస్తారు? వేళ్లు లెక్కపెట్టి ఒక పాదం కట్టా, చూడండి:

*నూనె మార్చు పనికి నూకలు చెల్లెరా*

యతి పడ్డట్టే ఉంది. నడుమ రెండు పాదాలు ఎవరన్నా అందించండి, షెడ్డు మూసే టైమైంది.